రెనే డెకార్ట్ - సరళరేఖా సమీకరణం

ఇంటర్మీడియట్ గణితంలో సరళరేఖ అను అధ్యాయాన్ని దాటకుండా ముందుకు పోయిన విద్యార్థి లేడు. ఆ అధ్యాయంలో తక్కిన రూపాల సరసన అంతరఖండ రూపం అనునది ఒకటి కలదు. ఒక రేఖ అడ్డ అక్షాన్ని మూలబిందువు నుండి ఎంత దూరంలో ఖండించుచున్నదో, నిలువు అక్షాన్ని ఎంత దూరంలో ఖండించుచున్నదో తెలిసిన చాలును, ఆ రేఖ యావత్తూ మన చేతిలో ఉన్నట్లే. మొదటి ఖండాన్ని ఏ అనీ, రెండవ దానిని బి అనీ అన్నచో, ఎక్స్/ఏ + వై/బి = 1 అనునది దాని సమీకరణం. విద్యార్థులు దీనిని పరీక్షకు ముందు రాత్రి కంఠస్థం చేసి, మార్కులు సంపాదించి, వేసవి సెలవులలో మరచిపోవుట కద్దు. గీతను అక్షరాలలోనికి, అంకెలలోనికి దించవచ్చునను ఆలోచన ఎట్టి మనిషికి, ఎట్టి జీవితంలో కలిగినదో వారికి చెప్పువారు అరుదు. తెలుగు బోధించు మాకు గణితంతో పనియేమి అని కొందరు శంకింపవచ్చు. పద్యపాదంలో గణాలు లెక్కించువారికి గణితం పరాయిది కాదని మా మనవి.

సూత్రం యొక్క మర్మం ఎంత సులభమో ముందుగా చెప్పి, పిమ్మట జీవితకథలోనికి పోదుము. రావికమతం నుండి (ఒకనాటి విశాఖపట్నం జిల్లాలోని ఈ ఊరు 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది) ఒక గృహస్థు 600 రూపాయలు సంచిలో వేసుకొని చోడవరం బజారుకు పోయినాడనుకొందాము. బెల్లం కిలో 60 రూపాయలు, వేరుశనగ గుళ్ళు కిలో 120 రూపాయలు అని లెక్క కొరకు పెట్టుకొందాము. సొమ్మంతా బెల్లానికే పెట్టినచో 10 కిలోలు వచ్చును. గుళ్ళకే పెట్టినచో 5 కిలోలు వచ్చును. ఈ 10, ఈ 5 అనునవే రెండు అంతరఖండాలు. ఒక కిలో బెల్లం సంచిలోని సొమ్ములో పదవ వంతును, ఒక కిలో గుళ్ళు ఐదవ వంతును హరించును. కనుక కొన్న బెల్లాన్ని 10 చేతను, కొన్న గుళ్ళను 5 చేతను భాగించి కలిపినచో, సొమ్ము పైసా మిగలకుండా వ్యయమైన ప్రతి సందర్భంలోను ఒకటే రావలెను. 4 కిలోల బెల్లం, 3 కిలోల గుళ్ళు తీసుకొన్నచో పదింట నాలుగు వంతులు, ఐదింట మూడు వంతులు కలిసి ఒకటి అయినది. 6 కిలోలు, 2 కిలోలు తీసుకొన్నను అంతే. ఇట్టి జతలన్నిటినీ గళ్ళ కాగితం మీద బిందువులుగా పెట్టినచో అవి ఒకే సరళరేఖ మీద బారులు తీరును. సమీకరణంలో కుడివైపున కనబడు ఆ 1 అనునది సంచిలోని మొత్తం సొమ్మే. సంచి ఖాళీ అయినచో ఖండాలు రెండూ సున్నలై, సున్నచే భాగించవలసిన దుస్థితి వచ్చును. మూలబిందువు గుండా పోవు రేఖకు అంతరఖండ రూపం లేదని పాఠ్యపుస్తకంలో వ్రాసిన దానికి కారణమిదే.

బజారు లెక్కలో ఇంత తేలికగా ఒదిగిపోవు ఈ విషయం మానవజాతికి తేలికగా లభించలేదు. ప్రాచీన గ్రీకులు గీతలు గీచి సత్యాలను నిరూపించినారు. భారతీయులు, అరబ్బులు, పారసీకులు అవ్యక్తరాశులతో సమీకరణాలను సాధించినారు. రెండు విద్యలూ ఒకే ఊరిలో వేరు కాపురాలు పెట్టిన అన్నదమ్ముల వలె వర్ధిల్లినవి. నడుమ రాకపోకలు లేకపోలేదు. దువ్వూరి రామిరెడ్డి గారి పానశాల ద్వారా తెలుగువారు కవిగా ఎరిగిన ఉమర్ ఖయ్యాం (1048–1131) ఘనసమీకరణాలను శాంకవాల ఖండన బిందువుల ద్వారా సాధించిన గణితవేత్త. ఆయన బీజగణిత గ్రంథం 1851లో గాని పారిస్ నగరంలో ఫ్రెంచి అనువాదంతో అచ్చు కాలేదు. అయితే ఆయన మార్గం సమీకరణం నుండి వక్రరేఖకు పోవు మార్గం. ఏ గీతకైనను ఒక సమీకరణం కలదు, ఏ సమీకరణానికైనను ఒక గీత కలదు అని రెండు కాపురాలను ఏకం చేయుట పదునేడవ శతాబ్దిలో జరిగినది. ఆ పనితో ముడిపడిన పేరు రెనే డెకార్ట్.

ఆయన 1596వ సంవత్సరం మార్చి 31న ఫ్రాన్సు దేశంలోని తూరేన్ ప్రాంతంలో లా హే అను చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి జోయాకిం బ్రిటనీ న్యాయసభలో సభ్యుడు. ఏడాది తిరిగి కొద్ది కాలమైనా గడవకమునుపే తల్లి మరొక ప్రసవంలో కన్నుమూసినది. తండ్రి ఉద్యోగరీత్యా దూరంగా ఉండుటచే పిల్లవాడు మాతామహి చేతిలో పెరిగాడు. పొడి దగ్గు, పాలిపోయిన ముఖం ఆయనకు బాల్యసహచరులు. ఎక్కువ కాలం బ్రతకడని వైద్యులు పెదవి విరిచినారట. లా ఫ్లేష్ పట్టణంలో జెసూట్ ఫాదరీలు నడుపు కళాశాలలో చేరినప్పుడు, ఆ అనారోగ్యం కారణంగానే ఉదయం ఆలస్యంగా నిద్ర లేచుటకు ఆయనకు ప్రత్యేకానుమతి లభించినది. మేలుకొని పడకమీదనే ఆలోచించుకొను ఈ అలవాటు ఆయనకు జీవితాంతం నిలిచినది. మన వసతిగృహాల విద్యార్థులు ఈ ఒక్క విషయంలో ఆయనను ఆదర్శంగా స్వీకరింపకుందురు గాక!

ఆ కళాశాలలో తత్త్వం, తర్కం, లాటిను, గణితం నేర్చుకొన్నాడు. నేర్చిన వాటిలో గణితం తప్ప తక్కినవేవీ ఆయనకు నిశ్చయజ్ఞానాన్ని ఇవ్వలేకపోయినవి. ఒకే విషయం మీద ఇద్దరు పండితులు పరస్పర విరుద్ధంగా వాదించుచుండగా, త్రిభుజం విషయంలో మాత్రం ఎవ్వరూ వాదులాడరేమి అను ప్రశ్న ఆయనను వెంటాడినది. 1616లో ప్వాతియే విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర పట్టం పుచ్చుకొన్నాడు గాని న్యాయవాద వృత్తి చేపట్టలేదు. 1618లో డచ్చి దేశానికి పోయి, బ్రెడా పట్టణంలో నసావు ప్రభువు మారిస్ సైన్యంలో చేరినాడు. యుద్ధమేమీ జరగని కాలమది. అక్కడ నవంబరు 10న ఐజాక్ బేక్మన్ అను విద్వాంసునితో పరిచయమైనది. భౌతిక విషయాలను గణితంతో పరిశీలింపవలెనను ఆసక్తి గల బేక్మన్, సోమరిగా ఉన్న ఈ సైనికునిలోని గణితజ్ఞుని మేల్కొలిపాడు. కృతజ్ఞతగా డెకార్ట్ సంగీతశాస్త్రాన్ని గూర్చి ఒక చిన్న గ్రంథం వ్రాసి ఆ ఏటి చివర మిత్రునికి కానుకగా ఇచ్చాడు. తరువాతి కాలంలో, తనకు అతడు నేర్పినదేమీ లేదని ఆ మిత్రునితోనే కలహించాడు. ఈయనలో ఈ గుణం మరికొన్నిచోట్ల కూడా కనిపించును.

సరిగా ఏడాది గడిచిన పిమ్మట, 1619 నవంబరు 10వ తేదీ రాత్రి, దక్షిణ జర్మనీలో కొలిమితో వెచ్చగా ఉన్న ఒక గదిలో ఆయనకు మూడు స్వప్నాలు వచ్చినవి. విద్యలన్నిటినీ ఒకే పద్ధతిమీద తిరిగి కట్టుటే తన జీవితకార్యమని వాటికి ఆయన అర్థం చెప్పుకొన్నాడు. ఆ తరువాత పది సంవత్సరాల పాటు దేశాటనం చేసి, తన వాటాకు వచ్చిన ఆస్తి అమ్మి నిరాడంబర జీవనానికి కావలసిన రాబడి ఏర్పరచుకొని, 1628లో డచ్చి దేశంలో స్థిరపడినాడు. స్థిరపడినాడనుట కూడ పూర్తిగా సరికాదు. ఇరవై ఏండ్లలో ఎన్ని ఇండ్లు మారినాడో లెక్కించుట కష్టం. పలకరింపుల బెడద లేక ఏకాంతంగా పని చేసికొనుటే ఆయన కోరిక.

డచ్చి దేశపు లైడెన్ విశ్వవిద్యాలయంలో జాకబ్ గోలియస్ అను ఆచార్యుడుండెను. ఆయన ఒకేసారి అరబ్బీ భాషకును గణితానికిని ఆచార్యుడు. మొరాకో, సిరియా దేశాలు తిరిగి వందలకొలది వ్రాతప్రతులు సేకరించి తెచ్చినవాడు. గ్రీకు మూలం నశించి, అరబ్బీ అనువాదంలో మాత్రమే మిగిలిన అపొలోనియస్ శాంకవ గ్రంథ భాగాలు కూడ ఆయన తెచ్చిన వాటిలో కలవు. భాషను గణితాన్ని ఒకే బల్ల మీద పెట్టుకొన్న ఆ ఆచార్యుడంటే మాకు సహజంగానే గౌరవం. 1631లో ఆయన డెకార్ట్ ముందు ఒక పురాతన సమస్యను పెట్టాడు. అలెగ్జాండ్రియా నగరపు పాపస్ తన సంకలనంలో భద్రపరచిన సమస్య అది. ఒక తలంలో కొన్ని సరళరేఖలు ఇచ్చినారు. ఒక బిందువు నుండి ఆ రేఖలకు నిర్ణీత కోణాలలో గీతలు గీయవలెను. నాలుగు రేఖలైనచో, రెండు దూరాల లబ్ధానికి తక్కిన రెండు దూరాల లబ్ధంతో నిర్ణీత నిష్పత్తి ఉండవలెను. ఆ బిందువు ఏ పథంలో చరించును? మూడు, నాలుగు రేఖలున్నచో ఆ పథం శాంకవమని ప్రాచీనులు ఎరుగుదురు. రేఖల సంఖ్య పెరిగినచో వారికి దారి తోచలేదు.

డెకార్ట్ ఆ సమస్యను సాధించిన తీరులోనే మన అంతరఖండం పుట్టినది. ఇచ్చిన రేఖలలో ఒకదానిని ఆయన ఆధారంగా తీసుకొన్నాడు. దాని మీద ఒక స్థిరబిందువు నుండి కొలిచిన దూరానికి ఎక్స్ అనియు, అక్కడి నుండి చరబిందువు వరకు గల దూరానికి వై అనియు పేరు పెట్టినాడు. తక్కిన రేఖలు ఆ ఆధారరేఖను ఎక్కడెక్కడ ఖండించుచున్నవో ఆ దూరాలు తెలిసినవే గదా, వాటికి కే, ఎల్ అను అక్షరాలు పెట్టినాడు. రేఖల మధ్య కోణాలు తెలిసినవి గనుక త్రిభుజాల భుజాల నిష్పత్తులు తెలిసినవే. అంతే, చరబిందువు నుండి ప్రతి రేఖకు గల దూరం ఎక్స్, వై లతో కూడిన ప్రథమ పరిమాణ సమాసంగా బయటపడినది. రేఖ ఎక్కడ కోయుచున్నది, ఎటు వాలుచున్నది, ఈ రెండు సంగతులు చాలును రేఖను అక్షరాలలో బంధించుటకు. విద్యార్థులు ఈ స్థలాన్ని శ్రద్ధగా గమనింపవలెను. సూత్రం మన పుస్తకంలోని రూపంలో ఇక్కడ లేదు. దాని బీజం మాత్రం స్పష్టంగా ఉన్నది.

1633 నాటికి ఆయన ప్రపంచం అను పేరుతో విశ్వస్వరూపాన్ని వివరించు గ్రంథం ముగించుచుండెను. భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదను సిద్ధాంతం అందులో అంతర్భాగం. ఆ ఏట రోము నగరంలో గెలీలియోను మతన్యాయస్థానం శిక్షించిన వార్త వచ్చినది. డెకార్ట్ తన గ్రంథాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అది ఆయన మరణానంతరం 1664లో గాని వెలుగు చూడలేదు. నివసించుచున్నది ప్రొటెస్టెంటు దేశంలో గనుక ఆయనకు ప్రాణభయం లేదు. ఇది పిరికితనమని కొందరు విమర్శకులన్నారు. తన పని సాగవలెనను వాని జాగ్రత్త అని మేము తలచుచున్నాము. అయితే ఆ జాగ్రత్తకు మూల్యం చెల్లించినది ఆయన రచనాశైలి. అప్పటి నుండి ప్రతి గ్రంథంలోను కొంత చెప్పి, కొంత దాచుట ఆయనకు అలవాటైనది.

దాచిన వాటిలో కుటుంబం కూడ ఉన్నది. ఆమ్‌స్టర్‌డాంలో తాను బస చేసిన ఇంటిలో పనిచేయు హెలెనా యాన్స్ అను స్త్రీ వలన ఆయనకు 1635లో ఒక కూతురు కలిగినది. పేరు ఫ్రాన్సీన్. వివాహం జరగలేదు. లోకానికి ఆ బాలికను మేనకోడలుగా చెప్పి పెంచినాడు. ఆమెను ఫ్రాన్సుకు పంపి మంచి చదువు చెప్పించవలెనను ఏర్పాట్లలో ఉండగా, 1640 సెప్టెంబరులో ఆమర్స్‌ఫోర్ట్ పట్టణంలో విషజ్వరం సోకి ఆ పసిపాప ఐదేండ్ల ప్రాయంలో మరణించినది. కొద్ది వారాలకే తండ్రి మరణవార్త కూడ వచ్చినది. భావోద్వేగాలను కూడ యంత్రం వలె విడదీసి చూపిన ఈ తత్త్వవేత్త, కన్నీరు స్త్రీలకే తగునను మాటతో తాను ఏకీభవింపనని ఆ దినాలలో ఒక మిత్రునికి వ్రాశాడు. ఆయన జీవితంలో ఇంతకు మించిన దుఃఖం మరొకటి లేదు.

గణితరంగంలో ఆయన పేరు నిలిపిన గ్రంథం 1637లో లైడెన్ నగరంలో అచ్చయినది. పద్ధతిని గూర్చిన ప్రసంగం దాని పేరు. ముఖపత్రం మీద రచయిత పేరు లేదు. పండితులందరూ లాటిను భాషలో వ్రాయు కాలంలో ఆయన దానిని తన మాతృభాషయగు ఫ్రెంచిలో వ్రాశాడు. పాండిత్యం లేకున్నను సహజవివేకం గల పాఠకులను, స్త్రీలను సయితం ఆయన ఉద్దేశించాడు. మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాలలోనికి తెచ్చిన పావులూరి మల్లనను ఎరిగిన మనకు ఈ సాహసం విలువ తెలియును. శాస్త్రాన్ని జనభాషలో చెప్పినప్పుడు అది పలుచబడదు.

ఆ గ్రంథానికి అనుబంధాలుగా మూడు వ్యాసాలున్నవి. కాంతిని గూర్చి ఒకటి, ఆకాశంలోని వానలు, ఇంద్రధనుస్సు మొదలైన వాటిని గూర్చి ఒకటి, రేఖాగణితం ఒకటి. ఈ మూడవది మూడు భాగాల చిన్న రచన. తెలిసిన రాశులకు అక్షరమాల మొదటి అక్షరాలు, తెలియని వాటికి చివరి అక్షరాలు పెట్టుట, వర్గాన్ని, ఘనాన్ని తల మీద చిన్న అంకెతో సూచించుట, ఈనాడు మనం తలపెట్టి ఆలోచింపనంత సహజమైపోయిన ఈ లిపి ఇక్కడి నుండి వ్యాపించినదే. కాని అంతకంటె గొప్పది మరొకటి ఉన్నది. అంతకు మునుపు రెండు పొడవులను గుణించినచో వైశాల్యం, మూడింటిని గుణించినచో ఘనపరిమాణం, నాలుగింటిని గుణించినచో అర్థం లేదు. పొడవును వైశాల్యంతో కూడరాదు. డెకార్ట్ ఒక గీతను ఏకకంగా, అనగా ఒకటిగా, నిర్ణయించి, సరూప త్రిభుజాల సహాయంతో రెండు పొడవుల లబ్ధం కూడ మరొక పొడవే అని చూపినాడు. ఈ ఒక్క మెట్టుతో గీతలన్నీ అంకెల వలె కూడుటకు, గుణించుటకు, భాగించుటకు లొంగినవి.

మరి ఆ గ్రంథం తెరచి చూచిన విద్యార్థి నిరాశ చెందును. అందులో ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు అక్షాలు లేవు. నిలువు అక్షమనునది గీయనే లేదు. ఆధారరేఖ ఒక్కటే, దాని మీద ఏదో ఒక కోణంలో వాలిన గీతలు. ఋణ సంఖ్యలను ఆయన సంకోచంతోనే చూచినాడు. సమీకరణపు ఋణ మూలాలకు అబద్ధపు మూలాలని పేరు పెట్టినాడు. కనుక ఎడమవైపునో క్రిందివైపునో కోయు ఋణాంతరఖండానికి అక్కడ చోటు లేదు. సరళరేఖకు ప్రత్యేక ప్రకరణం కూడ లేదు. నాలుగు రేఖల సమస్యలో కొన్ని పదాలు లోపించినచో బిందుపథం సరళరేఖ అగునని ఒక చోట సూచించి ముందుకు సాగిపోయినాడు. చక్రవర్తి బాటసారిని చూచినట్లు ఆయన సరళరేఖను చూచినాడు. ఆయన దృష్టి అంతా కఠినమైన వక్రరేఖల మీదనే. పైగా తనకు తెలిసినదంతా చెప్పినచో ఇతరులు అది తమకు ముందే తెలుసునందురని, కావలెననే కొన్ని మెట్లు విడిచిపెట్టినాడు. ఉపాధ్యాయవృత్తిలో ఉన్న మేము ఈ పనిని మెచ్చలేము.

పడకమీద పడుకొని పైకప్పు మీద ప్రాకు ఈగను చూచి, గోడల నుండి దాని దూరాలు లెక్కించి ఆయన నిరూపకాలను కనుగొన్నాడని తరగతులలో ఒక కథ చెప్పుచుందురు. పిల్లలకు పాఠం రుచించుటకు ఆ కథ పనికివచ్చును. చరిత్రలో మాత్రం దానికి ఆధారం లేదు. పాపస్ సమస్య, గోలియస్ పలుకు ఈగ కంటె నమ్మదగినవి.

సరళరేఖ విషయంలో న్యాయం చెప్పవలెనన్నచో మరొక పేరు తలచుకొనక తప్పదు. తూలూజ్ నగరపు న్యాయసభలో ఉద్యోగి అగు పియర్ ఫెర్మా తీరిక వేళలలో గణితం చేసెడివాడు. రెండు అవ్యక్తరాశులతో సమీకరణం ఏర్పడినప్పుడెల్ల ఒక బిందుపథం ఏర్పడునని, ఆ సమీకరణం ప్రథమ పరిమాణమైనచో ఆ పథం సరళరేఖ అని ఆయన ఒక చిన్న వ్యాసంలో సూటిగా చెప్పినాడు. డెకార్ట్ గ్రంథం వెలువడకమునుపే వ్రాసిన ఆ వ్యాసం చేతివ్రాతలో పారిస్ పండితుల నడుమ తిరిగినది. ఫెర్మా దానిని అచ్చు వేయించలేదు. ఆయన 1665లో చనిపోయిన తరువాత 1679లో కుమారుడు అచ్చు వేయించాడు. మన పాఠ్యపుస్తకపు సరళరేఖకు దగ్గరి చుట్టం ఫెర్మా అనుటలో మాకు సందేహం లేదు. అయినను లోకం ఆ విద్యకు కార్టీసియన్ అని డెకార్ట్ పేరే పెట్టినది. అచ్చయిన పుస్తకానికి గల బలమది.

ఇద్దరికీ 1638లో ఘాటైన వాగ్వాదం జరిగినది. కాంతివ్యాసంలోని వక్రీభవన సిద్ధాంతాన్ని ఫెర్మా ప్రశ్నించాడు. వక్రరేఖకు స్పర్శరేఖ గీయు ఫెర్మా పద్ధతిని డెకార్ట్ ఎగతాళి చేశాడు. మెర్సెన్ అను సన్యాసి ఇరువురి లేఖలు అటునిటు చేరవేసెడివాడు. చివరకు ఫెర్మా పద్ధతి సరియైనదేనని డెకార్ట్ ఒప్పుకొనవలసి వచ్చినది. ఒప్పుకొన్న తీరులో ఔదార్యం తక్కువ.

అర్థం కాని ఆ రేఖాగణితాన్ని అర్థమగునట్లు చేసినవాడు లైడెన్ నగరపు బోధకుడు ఫ్రాన్స్ వాన్ స్కూటెన్. 1649లో దానిని లాటినులోనికి అనువదించి వ్యాఖ్య వ్రాశాడు. మూలకర్త విడిచిన మెట్లను ఓపికతో పూరించాడు. 1659 నుండి 1661 వరకు రెండు సంపుటాలుగా వచ్చిన రెండవ ముద్రణలో వ్యాఖ్య మూలం కంటె ఎన్నో రెట్లు పెరిగినది. అందులో ఆయన శిష్యుడు యాన్ డె విట్ వ్రాసిన ఒక రచన చేరినది. సరళరేఖా సమీకరణాలను వరుసగా, ఒక్కొక్క రూపాన్ని పటంతో సహా విడమరచి చెప్పినది అందులోనే. నిలువుగా ఒక ఖండం కోసి, కుడివైపునకు వాలుచు ఆధారరేఖను మరొక చోట కోయు రేఖ, అనగా మన బజారు లెక్కలోని రేఖ, అక్కడ తన స్వంత సమీకరణంతో కనబడును. ఈ డె విట్ హాలండు రాజ్యాన్ని సుమారు ఇరవై ఏండ్లు నడిపిన మహామంత్రి. 1672లో హేగ్ నగరంలో ఉద్రిక్త జనసమూహం ఆయనను, సోదరుని వీధిలో చంపివేసినది. వాన్ స్కూటెన్ ముద్రణనే 1664 ప్రాంతంలో కేంబ్రిడ్జి విద్యార్థి న్యూటన్ చదివి, ఋణ నిరూపకాలను జంకు లేకుండా వాడుట మొదలుపెట్టినాడు. నిరూపకాలను అర్థమిచ్చు పదాన్ని లైబ్నిజ్ వాడుకలోనికి తెచ్చినాడు. పదునెనిమిదవ శతాబ్ది చివర మోంజ్, లక్రువా మొదలైన ఫ్రెంచి ఆచార్యులు సరళరేఖను పాఠ్యపుస్తకపు మొదటి మెట్టు చేశారు. డెకార్ట్ విత్తనం తరగతి గదిలో మొలకెత్తుటకు నూటయేబది ఏండ్లు పట్టినది. ఆ కాలమంతా దానికి నీరు పోసినవారు ఉపాధ్యాయులే.

ఆయన తత్త్వశాస్త్ర గ్రంథాలను గూర్చి వ్రాయుటకు ఇది స్థలం కాదు. 1641లో ధ్యానాలు, 1644లో తత్త్వశాస్త్ర సూత్రాలు వెలువడినవి. సమస్తాన్ని సందేహించి, సందేహించు తాను ఉన్నానను ఒక్క నిశ్చయం మీద నిలిచి తిరిగి కట్టుకొని వచ్చిన ఆ ఆలోచన అందరెరిగినదే. ఒక స్థిరబిందువును ఎంచుకొని అక్కడి నుండి సమస్తాన్ని కొలుచుట ఆయన గణితంలోను, తత్త్వంలోను ఒకే తీరున సాగినది. యుట్రెక్ట్ విశ్వవిద్యాలయం 1642లో ఆయన సిద్ధాంతాల బోధనను ఖండించినది. బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643 నుండి ఆయనతో లేఖల ద్వారా వాదించినది. శరీరం వేరు, మనస్సు వేరు అయినచో ఒకటి మరొకదానిని ఎట్లు కదిలించునని ఆమె వేసిన ప్రశ్నకు ఆయన సంతృప్తికరంగా జవాబు చెప్పలేకపోయినాడు. మూడు వృత్తాలను స్పృశించు వృత్తాన్ని కనుగొను సమస్యను ఆయన ఇవ్వగా ఆమె బీజగణితంతో సాధించి పంపినది. మన కళాశాల విద్యార్థినులు ఆమె పేరు గుర్తుంచుకొందురు గాక!

స్వీడను రాణి క్రిస్టీనా తనకు తత్త్వశాస్త్రం బోధింపవలెనని ఆయనను ఆహ్వానించినది. మనసొప్పకపోయినను 1649 శరత్కాలంలో ఓడ ఎక్కి స్టాక్‌హోం చేరినాడు. రాణికి ఇరవై మూడేండ్లు. ఆమెకు తీరిక ఉదయం ఐదు గంటలకు మాత్రమే. జీవితమంతా ప్రొద్దెక్కిన పిదప లేచినవాడు, ఉత్తరదేశపు జనవరి మంచులో తెల్లవారకమునుపే బండి ఎక్కి రాజమందిరంలోని చల్లని గ్రంథాలయానికి పోవలసి వచ్చినది. కొద్ది పాఠాలే జరిగినవి. తనకు ఆశ్రయమిచ్చిన ఫ్రెంచి రాయబారి షానూకు ఊపిరితిత్తుల జ్వరం వచ్చినది. ఆయనకు పరిచర్య చేయుచు డెకార్ట్ కూడ మంచం పట్టినాడు. రాయబారి కోలుకొన్నాడు. డెకార్ట్ 1650 ఫిబ్రవరి 11న మరణించాడు. వయస్సు యేబదిమూడు.

క్యాథలిక్కు గనుక ఆ దేశపు చర్చి ఆవరణలో చోటు దొరకక, ప్రధానంగా పసిపిల్లలను ఖననం చేయు శ్మశానంలో ఆయనను పాతిపెట్టినారు. 1663లో రోము చర్చి ఆయన గ్రంథాలను నిషిద్ధ పట్టికలో చేర్చినది. 1666లో ఎముకలను త్రవ్వి తీసి ఫ్రాన్సుకు పంపినారు. చేతులు మారి, సమాధులు మారి, 1819లో అవి పారిస్ నగరపు సాంజెర్మాన్ దె ప్రే చర్చిలో నిలిచినవి. కపాలం మాత్రం స్వీడనులోనే విడిపోయి, 1821లో రసాయనశాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ కంటబడి పారిస్ చేరినది. అక్కడి మానవశాస్త్ర సంగ్రహాలయంలో అది భద్రపరచబడినది. జన్మించిన లా హే పట్టణానికి 1802లో లా హే డెకార్ట్ అని పేరు పెట్టినారు. 1967లో పాత పేరు పూర్తిగా తొలగించి, ఆ ఊరిని డెకార్ట్ అనియే పిలుచుచున్నారు.